పంపు డ్రైవరు నిద్ర

మా ఊరి పాత రైల్వే స్టేషన్‌ను మ్యూజియం చేశారని తెలిసినప్పుడు నాకు పోయి చూడాలనిపించలేదు. ఈ వయసులో ఏదైనా చూడాలంటే ముందు బస్సెక్కాలి, దిగాలి, మళ్లీ మెట్లెక్కాలి. చివరికి చూసినదానికంటే ఆ ఎక్కడం దిగడమే ఎక్కువ గుర్తుంటుంది. అయినా ఆ మ్యూజియం బాగోగులు చూసుకునే రిటైరైన పంతులు మూడుసార్లు ఫోన్ చేశాడు. "మీటర్ గేజీ కాలంలో ఆ క్వార్టర్సులో పెరిగినోళ్లు మీరొక్కరే దొరికినారమ్మా. ఒకసారొచ్చి ఏది ఏందో చెప్పిపోండి" అన్నాడు. సరే అని పోయిన నెల ఒక పొద్దున పోయాను.

ఇప్పుడు రైళ్లు ఆ పక్కకు రావు. బ్రాడ్ గేజీ వేసినప్పుడు కొత్త స్టేషన్ ఊరికి అవతల కట్టారు. పాత భవనం చాలా ఏళ్లు మేకలకు నీడగా ఉండి, ఇప్పుడు పసుపు రంగు వేయించుకుని నిలబడింది. లోపల ఎర్ర, పచ్చ అద్దాల లాంతర్లు, అట్టముక్క టిక్కెట్లు, గంట కొట్టడానికి వేలాడదీసిన పట్టా ముక్క, స్టేషన్ మాస్టరు కుర్చీ ఉన్నాయి. అన్నీ నాకు తెలిసినవే. కానీ వాసన లేదు. మా చిన్నప్పుడు ఆ గదిలోకి తొంగిచూస్తే తారు, బొగ్గు, కిరసనాయిలు, మాస్టరుగారి నశ్యం కలిసిన వాసన ముక్కుపుటాలను పట్టుకునేది. ఇప్పుడు కొత్త పెయింటు వాసన తప్ప ఏమీ లేదు.

ఒక మూల గాజుపెట్టెలో పాత రిజిస్టరు తెరిచి పెట్టారు. ఇంగ్లీషు చేతిరాత. పక్కనే పంతులు తెలుగులో రాసిన చీటీ. నీళ్లు లేక గూడ్సు బండి ఒక పగలూ ఒక రాత్రీ ఈ స్టేషన్లో నిలిచిపోయిందని, పంపు డ్రైవరు డ్యూటీలో నిద్రపోవడమే దానికి కారణమని అందులో ఉంది. నా ముందున్న ఇద్దరు కాలేజీ పిల్లలు అది చదివి నవ్వారు. "భలే నిద్రప్పా ఆయప్పది" అన్నాడు ఒకడు.

"ఆయన మీకు తెలుసామ్మా?" అని పంతులు అడిగాడు.

"తెలుసు. మా నాయన" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "పేజీ తిప్పేస్తా లెండి" అన్నాడు. వద్దన్నాను. ఆ కాగితం నిజమైనదే. కింద ఉన్న సంతకం కూడా మా నాయనదే. అయితే ఆ నిద్ర సంగతి నిలబడి చెప్పేంత ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. ఇంటికొచ్చి, రెండు రోజులు కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకుని, ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయన పని ఇంజన్లకు నీళ్లు తోడడం. ఆ రోజుల్లో బొగ్గు ఇంజను గుంతకల్లు వదిలిందంటే దారిలో పశువులాగా ఆగి ఆగి నీళ్లు తాగుతూ పోవాలి. మా స్టేషన్ దగ్గర దానికొక ఎత్తయిన ఇనుప ట్యాంకు, ట్యాంకు నుంచి పట్టాల పక్కకు వంగిన పెద్ద గొట్టం ఉండేవి. ఆ గొట్టాన్ని ఊళ్లో తొండం అనేవాళ్లు. ట్యాంకులోకి నీళ్లు వచ్చేది వంకలో ఉన్న రైల్వే బావి నుంచి. వంక అంటే పేరుకే, ఏడాదిలో పది రోజులు నీళ్లు, మిగతా రోజులంతా ఇసుక. దాని మధ్యలో తెల్లదొరల కాలంలో తవ్విన లోతు బావి, బావి గట్టున రేకుల షెడ్డు, షెడ్డులో ఆయిల్ ఇంజను. ఆ ఇంజను గుక్కు గుక్కుమంటుంటే మా నాయన పక్కనే చేతిలో దూదిపీచు పట్టుకుని నిలబడేవాడు. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆయిల్ వాసన పోయేది కాదు. నాకు చాలాకాలం వరకు నాయన వాసన అంటే అదే.

స్టేషన్ పిల్లలకు ఆటలన్నీ పట్టాల దగ్గరే. ఇంజన్లు బూడిద దులిపే గుంతలో గెనుసుగడ్డలు పూడ్చిపెట్టి, పైన నిప్పుల చిటపట చల్లారేలోగా తీసి, నోరు కాల్చుకుంటూ తినేవాళ్లం. గూడ్సు షెడ్డులో చెనక్కాయల మూటలకు పుల్లతో బొక్క పెట్టి, కింద గౌను పట్టుకుని నిలబడేవాళ్లం. గుంతకల్లు నుంచి వచ్చే ముసలి డ్రైవరు ఒకాయన ఉండేవాడు, గడ్డానికి గోరింటాకు పెట్టుకునే సాయిబు. ఆయన్ను తాతా అని పిలిస్తే ఇంజను నుంచి చెంబెడు సలసల కాగే నీళ్లు పట్టిచ్చేవాడు. ఆ నీళ్లతోనే మా అమ్మ చంటి తమ్ముడికి స్నానం చేయించేది. "బొగ్గు కొనకుండా నీళ్లు కాగే ఇల్లు మనదొక్కటే" అని అమ్మ మురిసిపోయేది. ఆమె మురిసిపోవడం నేను చూసింది ఆ కాలంలోనే.

మా వైపు కరువు అనేది వార్త కాదు. అయితే నేను చెప్పే ఏడాదికి ముందు వరసగా రెండేళ్లు వాన లేదు. మొదట చేలు పోయాయి. తర్వాత పశువులను సంతకు తోలారు. తర్వాత మనుషులు బెంగళూరు దోవ పట్టారు. ఊళ్లో గంజి కేంద్రం పెట్టారు. మా ఇంట్లో కొర్రన్నం పోయి రాగిసంగటి, సంగటి కూడా పలచనై అంబలి అయింది. ఊరి బావులు ఒక్కొక్కటే ఎండిపోతూ వచ్చాయి. రైల్వే బావిలో మాత్రం అడుగున నీళ్లుండేవి.

ఇంజను తాగాక తొండంలో మిగిలిన నీళ్లు కారేవి. ఆ కారే నీళ్ల కోసం ఆడవాళ్లు కడవలు తెచ్చి నిలబడడం మొదలుపెట్టారు. ముందుగా వచ్చింది స్టేషన్ వెనకున్న కూలీల కాలనీ నుంచి, క్రైస్తవుల ఇళ్ల నుంచి. వాళ్లకు పెద్దదిక్కు ఒక ముసలామె. బూడిద గుంతలో సగం కాలిన బొగ్గులు ఏరి అమ్ముకునేది. అందరం పెద్దవ్వ అనేవాళ్లం. సాయిబు తాత ఇంజను కడుపు నిండినాక కూడా తొండం కట్టేయకుండా, "దీనికి ఇంకా దప్పిక తీరల్యా" అని అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు. ఆ బీడీ అయిపోయేలోగా పది కడవలు నిండేవి.

కొన్నాళ్లకు పైనుంచి కాగితం వచ్చింది. బావిలో నీళ్లు తగ్గుతున్నాయి, తొండం కింద నేల తడవకూడదు అని. మా స్టేషన్ మాస్టరు చెడ్డవాడు కాదు. అరవ దేశం నుంచి వచ్చిన మనిషి, పుస్తకాల్లోలాగా తెలుగు మాట్లాడేవాడు. తానూ అరబకెట్టుతో స్నానం ముగించేవాడు. కానీ కాగితం అంటే ఆయనకు భయం. తొండం దగ్గర పోర్టరును కాపలా పెట్టి, మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలోనే తువ్వాలు ముఖం మీద వేసుకుని గంటసేపు నిద్రపోయేవాడు.

ఆ వారంలోనే ఒకరోజు నేను నాయనకు సద్ది తీసుకుని పంపు షెడ్డుకు పోయాను. పెద్దవ్వ అప్పటికే అక్కడుంది. ఖాళీ కడవ పక్కన పెట్టుకుని షెడ్డు నీడలో కూర్చుంది.

"ల్యాదు పెద్దవ్వా, నా చేతిలో ల్యాదు. ఉజ్జోగం పోతాది" అంటున్నాడు నాయన.

"నేనేమన్నా అడిగినానా అప్పా? నీ పని నువ్వు చేసుకో" అంది ఆమె.

"మరి ఈడ ఏంటికి కూర్చున్యావు?"

"నీ గొట్టంలో నీళ్లు పోతాంటే సద్దు ఇనపడతాది. ఇనిపోదామని వచ్చినా. చెవులన్నా చల్లబడనీ."

నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని ఆమె వైపు చాలాసేపు చూశాడు. తిన్నాడో లేదో నాకు గుర్తు లేదు. లేచి, ఇంజను పక్కన పెద్ద గొట్టానికి ఉన్న చిన్న కొళాయి తిప్పాడు. పంపు సరిగా తోడుతోందా అని చూసుకోవడానికి పెట్టిన కొళాయి అది. నీళ్లు చెయ్యిలావున దూకాయి. పెద్దవ్వ కడవ పెట్టలేదు. ముందు దోసిలి పట్టి ముఖం కడుక్కుంది. ఆ తర్వాత కడవ పెట్టింది.

మరునాటికి ఇరవై మంది. ఆ మరునాటికి యాభై. మాస్టరుగారు నిద్రపోయే గంటలోనే రావాలి. ఇంటికి ఒకటే కడవ. వంకలో దిగి రావాలి, గట్టు మీద కనబడకూడదు. ఇవీ నాయన పెట్టిన షరతులు. ఊళ్లో మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు, అంగళ్లవాళ్ల ఆడవాళ్లు కూడా వచ్చారు. వచ్చి, కాలనీ వాళ్ల వెనక నిలబడాల్సి వస్తుందని చూసి, దూరంగా ఆగిపోయారు. "మాకు వేరేగా పట్టియ్యప్పా" అని ఒకామె కేకేసింది.

"కొళాయి ఒకటే ఉండాదమ్మా. వరస కూడా ఒకటే. నిలబడేవాళ్లు నిలబడండి" అన్నాడు నాయన. వాళ్లు తిరిగిపోయారు. మూడో రోజుకు వచ్చి నిలబడ్డారు. ఒకరి కడవకు ఒకరి కడవ తగలకుండా మొదట్లో జానెడు ఎడం పెట్టేవాళ్లు. పది రోజులు పోయేసరికి ఆ ఎడం పెట్టే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఇలా ఇచ్చిన నీళ్లను నాయన ఎక్కడినుంచి పూడ్చేవాడంటే, తన ఒంట్లోనుంచి. బావిలో ఊట మెల్లగా వచ్చేది. ఒకేసారి తోడితే అందేది కాదు. అందుకని గంటకొకసారి ఇంజను వేసి కొంచెం కొంచెంగా తోడి ట్యాంకు నింపేవాడు. పగలూ అంతే, రాత్రీ అంతే. మధ్యలో ఇంటికొచ్చి ఇలా కూర్చుని అలా లేచిపోయేవాడు. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. అమ్మ అన్నం ముందు పెడితే తింటూ తింటూ ఆగి, చెయ్యి కంచంలోనే ఉంచి గోడవైపు చూసేవాడు.

"ఎన్నాళ్లు ఇట్ల?" అని అమ్మ అడిగేది.

"వానొచ్చేదాకా."

"వాన నీకేమన్నా జాబు రాసిందా?"

ఆయన నవ్వేవాడు. అప్పట్లో నవ్వడానికి కూడా ఆయనకు కొంచెం సమయం పట్టేది.

మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున ఊళ్లో మిగిలిన ఆఖరు మంచినీళ్ల బావిలో బురద పడింది. ఆ మధ్యాహ్నం వంకలో కడవల వరస వంక మలుపు దాకా ఉంది. పక్క పల్లె నుంచి రెండు ఎద్దుల బండ్ల మీద పీపాలు తెచ్చారు. ఎద్దుల డొక్కలు ఎంత లోపలికి పోయాయంటే వాటిని చూసి మా తమ్ముడు ఏడ్చాడు. నాయన గీతలున్న వెదురుకర్ర బావిలోకి దించి చూశాడు. మూడు గంటలకు గూడ్సు వస్తుంది. "నీళ్లు అందవు. ఈ పొద్దుకు చాలు, పోండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎవరూ అరవలేదు కూడా. అరిచి ఉంటే ఆయన కొళాయి కట్టేసేవాడేమో. ఊరికే నిలబడ్డారు. నాయన కర్ర పక్కన పెట్టి, "కానీ, బిరబిరా కానీండి" అన్నాడు.

రెండు గంటలప్పుడు ఆయిల్ ఇంజను చప్పుడు మారింది. గుక్కు గుక్కుమనేది ఎక్కిళ్లు పెట్టినట్టు అయింది. పంపు గాలి పీలుస్తోంది. నాయన ఇంజను ఆపి, గడ్డపార తీసుకుని బావిలోకి దిగాడు. కాలనీ మగవాళ్లు నలుగురు దిగారు. ఇసుక తోడితే ఊట వస్తుందని గంపలతో బురద పైకి పంపారు. పైన ఆడవాళ్లు గంపలు అందుకున్నారు. మగ్గాలవాళ్లూ అందుకున్నారు. వాళ్లు బురదలో ఉండగానే గూడ్సు కూత వినిపించింది.

తెచ్చింది సాయిబు తాతే. ఆయన ఫైర్‌మన్ తొండం తిప్పి గొలుసు లాగితే చెంబెడు తుప్పు నీళ్లు పడ్డాయి. అంతే. ఇంజనులో నీళ్లు అయిపోతుంటే కింద మంట ఉంచకూడదట, బాయిలరు పగిలిపోతుందట. తాత ఇంజనును బూడిద గుంత మీదికి తెచ్చి, మంటంతా కిందికి లాగించేశాడు. అంత నిప్పు ఒక్కసారిగా బయటపడడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిరి బుసబుసమని, తర్వాత సన్నగా, తర్వాత ఏమీ లేకుండా పోయింది. పిల్లలందరం నోరు మూసుకుని చూశాం. రోజూ మా ముందు అరుస్తూ తిరిగే అంత పెద్ద ఇంజను కాసేపట్లో రాయిలాగా అయిపోయింది.

తాత ప్లాట్‌ఫారం మీద చతికిలపడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాయన బురద కాళ్లతో ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది భాయ్?"

"బాయి అడుగంటింది తాతా."

తాత వంక వైపు చూశాడు. ఎండలో కడవల తడి మచ్చలు ఇంకా ఆరలేదు. "సరే, ఎండకు తాళలేక అడుగంటుంటాది" అని ఇంకేమీ అడగలేదు. మరునాడు వేరే ఇంజను వచ్చి ఆ బండిని లాక్కుపోయేదాకా లైనంతా ఆగిపోయింది.

నాలుగు రోజులకు పెద్ద ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద వచ్చాడు. ఇద్దరు కూలీలు పట్టాల మీద పరుగెత్తుతూ తోసే ట్రాలీ, పైన గొడుగు. అప్పటికి కొళాయి కట్టేసి నాలుగు రోజులైంది కనుక బావిలో మళ్లీ నడుమెత్తు నీళ్లు ఊరాయి. ఆయన కొలిపించి చూశాడు. "బావిలో నీళ్లున్నాయి. ట్యాంకులో లేవు. అంటే నువ్వు తోడనన్నా తోడలేదు, తోడి ఎవరికన్నా ఇచ్చైనా ఇచ్చావు. ఏది?" అని నాయనను అడిగాడు.  "ఇచ్చి ఉంటే నీ ఉద్యోగం పోతుంది. తీసుకున్నవాళ్ల మీద పోలీసు కేసు కూడా పెట్టాల్సి వస్తుంది. అవి రైల్వే నీళ్లు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అది విన్నాక నాయన ఇక అసలు నోరు తెరవలేదు.

ఈ సంగతి పెద్దవ్వకు ముందే తెలిసినట్టుంది. ఆ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగింది. మా స్టేషన్ పిల్లలను కూడా గూడ్సు షెడ్డు వెనక కూర్చోబెట్టి చెప్పింది. "మీ నాయన నీళ్లిచ్చినాడని ఎవురన్నా అంటిరా, ఆయప్ప కొంప మునుగుతాది. ఏమడిగినా గాని ఇయ్యల్యా అనే చెప్పల్ల."

ఇన్‌స్పెక్టరు ఆడవాళ్లను పిలిపించి అడిగాడు. దేంట్లోనూ ఎప్పుడూ ఒక మాట మీదికి రాని కాలనీ, మగ్గాల వీధి ఆ రోజు ఒకే మాట చెప్పాయి. తీసుకోలేదన్నారు. పెద్దవ్వ అయితే మూతి వంకర తిప్పి, "రైలు నీళ్లా సామీ? మాకేంటికి? బొగ్గుకంపు కొడతాయి, గొడ్లు కూడా తాగవు" అంది.

అప్పుడు నేను నాయన సద్ది టిఫిన్ పట్టుకుని అక్కడే ఉన్నాను. ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. దగ్గరికి పిలిచి, జేబులోనుంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చాడు. మంచి మనిషిలాగానే ఉన్నాడు.

"రోజూ సద్ది నువ్వే తెస్తావా పాపా?"

"అవును సార్."

"మీ నాయన మధ్యాహ్నం పంపు దగ్గర ఏం చేస్తుంటాడు?"

నాకు పదేళ్లు. ఆ వయసుకు నా బుర్ర బాగానే పనిచేసింది. పంపు వేస్తాడని చెబితే, మరి ఆ నీళ్లు యాడికి పోయినాయి అంటాడు. నీళ్లు ఇస్తాడని చెబితే కొంప మునుగుతుంది. ఇక చేసేదేమీ లేదని, ఊరికే ఉంటాడని చెప్పాలి. మధ్యాహ్నం ఊరికే ఉండే పెద్దమనిషి నాకు తెలిసి ఒకాయనే. మా స్టేషన్ మాస్టరు. ఆయన రోజూ కుర్చీలో నిద్రపోతాడు. అది తప్పని ఎవరూ అనగా నేను వినలేదు.

"పడుకుంటాడు సార్" అన్నాను.

"రోజూనా?"

"రోజూ. గురక కూడా పెడతాడు."

 మాస్టరుగారు దగ్గాడు. నాయన నావైపు చూశాడు. కోపం లేదు. ఆశ్చర్యం కూడా కాదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి, ఇంకా నడవాలని తెలిసినప్పుడు చూస్తాడే, అలా చూశాడు. అప్పటికి మూడు నెలలుగా ఆయన వరసగా రెండు గంటలు పడుకుని ఎరగడు.

"పాప చెప్పేది నిజమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాయన నన్ను చూశాడు, వెనక నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు. "నిజమే సార్" అన్నాడు.

మాస్టరుగారు రిజిస్టరులో రాసి తెచ్చి, పెన్ను ఇస్తూ నాయన చెవిలో, "ఒప్పుకుంటే ఉద్యోగం మాత్రం నిలుస్తుంది" అన్నాడు. నాయన తెలుగులో సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ముఖంలో భారం దిగిపోయినట్టు కనిపించింది. ఆయనకు నిజం తెలుసా అని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వంక ఇసుక నిండా అడుగుల జాడలు, అన్ని ఖాళీ కడవలు చూసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? ఏమో.

ఆ పిప్పరమెంటు నేను పారేశానని రాస్తే బాగుంటుంది. పారేయలేదు. ట్యాంకు కింద కూర్చుని తిన్నాను. నాయనను కాపాడానని సంతోషంగా తిన్నాను.

పది రోజులకు ఉత్తర్వులు వచ్చాయి. పంపు డ్రైవరు పనిలోనుంచి తీసేసి కళాసీగా దించారు. దూరంగా ఇంకో స్టేషన్‌కు బదిలీ చేశారు. కళాసీ అంటే ఎవరు ఏ బరువు మోయమంటే అది మోయాలి. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముట్టించలేదు.

"ఊరందరి గొంతు తడిపినావు. నీ బిడ్డల నోట్లో మన్ను కొట్టినావు" అంది. తర్వాత నావైపు తిరిగి, "నిద్ర అంట, గురక అంట. ఎవురు నేర్పించినారే నీకు?" అంటూ చెయ్యెత్తింది. నాయన అడ్డం వచ్చాడు.

"దాన్నేం అనాకు. అది చెప్పుండకపోతే ఈ పొద్దు ఆ కాలనీ అంతా పోలీసు స్టేషన్లో ఉండ్య" అన్నాడు.

నేను చేసింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఏడవడం కూడా చేతకాలేదు.

మేం వెళ్లిపోయే రోజు పాసింజరు దగ్గరికి ఊరంతా రాలేదు. వస్తే అనుమానం అని భయం. పెద్దవ్వ ఒక్కతే బొగ్గులు ఏరుకుంటున్నట్టు పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చింది. కిటికీలోనుంచి గుడ్డమూట లోపల పెట్టింది. సజ్జరొట్టెలు, ఊరిబిండి పచ్చడి. రొట్టెలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉన్నాయి. ఒకటి మందం, ఒకటి పలచన, ఒకటి మాడింది. ఎన్ని ఇళ్లలో కాల్చి తెచ్చారో. ఆ కరువులో ఒక రొట్టెకు సరిపడా పిండి ఉన్న ఇల్లు ఏదని వెతికారో.

"మేం కాపాడినామనుకుంటిమి నాయనా" అంది పెద్దవ్వ.

"కాపాడినారులే పెద్దవ్వా, ఉజ్జోగం ఉండాది గదా" అన్నాడు నాయన.

మేం పోయిన పదిహేను రోజులకు అక్కడ వాన పడిందట. వంక పారిందట, రైల్వే బావి నిండి పొర్లిందట. సాయిబు తాత మా కొత్త స్టేషన్ మీదుగా పోతూ ఇంజను మీద నుంచే కేకేసి చెప్పాడు. చెప్పి నవ్వబోయి మానుకున్నాడు. ఇంకో పదిహేను రోజులు ముందొచ్చుంటే ఏం పోయేదని అమ్మ ఆ సాయంత్రమంతా గొణిగింది. ఆమె ఆ మాట బతికినంతకాలం ప్రతి తొలకరికీ అనేది.

కొత్త స్టేషన్‌కు మాకంటే ముందే పేరు చేరింది. నిద్ర కళాసీ అనేవాళ్లు. పెట్టె మోస్తూ క్షణం ఆగినా, "ఏమన్నా, నిద్రొచ్చెనా?" అనేవాళ్లు. నాయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ తర్వాత ఆయన పగటిపూట పడుకోవడం నేను చూడలేదు. సెలవు రోజు కూడా గోడకు ఆనుకోకుండా కూర్చునేవాడు. జ్వరం వచ్చి ఒళ్లు కాలిపోతున్నా మంచం మీద నిటారుగా కూర్చుని ఉండేవాడు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిలు వచ్చాక నీళ్లు తోడే పనే లేకుండా పోయింది. ఆయన రిటైరై మా ఇంటికి వచ్చాక కూడా మధ్యాహ్నం మేమందరం పడుకుంటే, తానొక్కడే వరండాలో కుర్చీ వేసుకుని ఎండను చూస్తూ కూర్చునేవాడు. నిద్రతో తల వాలితే ఉలిక్కిపడి చుట్టూ చూసేవాడు, ఎవరన్నా చూశారేమోనని.

ఆ ఉలికిపాటు నేను ఇరవై ఏళ్లు చూశాను. అది నా నోట్లోనుంచి వచ్చింది. మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఒక్కసారి కూడా రాలేదు. ఆఖరి ఎండాకాలంలో, ఆయన నడవలేని స్థితికి వచ్చాక, ఒక మధ్యాహ్నం నేనే పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"నాయనా, ఆ పొద్దు నేను అట్ల చెప్పకుండా ఉండల్సింది" అన్నాను.

ఏ పొద్దు అని ఆయన అడగలేదు.  నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ చేతులు అప్పటికి ఎండుకట్టెల్లా అయిపోయాయి.

"నువ్వు చెప్పిన దాంట్లో తప్పేమీ ల్యాదు పాపా" అన్నాడు. "నాకు ఒకటే బాధ. జీవితమంతా మోసే పేరు ఎట్లాగూ వచ్చె గదా, ఆ మూడు నెలల్లో ఒక్క మధ్యాన్నమన్నా నిజంగా పడుకునుంటే బాగుండ్య. అబ్బ, ఎంత నిద్రొస్తాండ్యనో."